రిజిస్టరులో మన పేరు – దానిమీద మన హక్కు ఎంత?

– ఒక బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

రెండెకరాల నలభై సెంట్లు. మా తాతయ్య పాసు పుస్తకంలో రాసివున్న మెట్ట భూమి యిది. ఆయన పోయిన తర్వాత ఆ భూమిని మా నాన్న పేరుకు మార్పించుకోడానికి వెళితే కంప్యూటరులో కనిపించింది రెండెకరాల నాలుగు సెంట్లు. 2.40 కాస్తా 2.04 అయి కూర్చుంది. పాత రిజిస్టరు చూసి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఎవరి చేతిలోనో ఒక సున్నా అటుది యిటు పడింది. అంతే! పొలం గట్టు అంగుళం జరగలేదు, పక్కవాడు ఒక చాలు ఎక్కువ దున్నుకోలేదు. అయినా ముప్పై ఆరు సెంట్లు మాయమయ్యాయి.

ఆ ఏడు బ్యాంకువారు పంట రుణాన్ని కంప్యూటరులో వున్న విస్తీర్ణానికే లెక్కకట్టారు. తక్కువ పడిన డబ్బు నాన్న బయట వడ్డీకి తెచ్చారు. ఆఫీసులో అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే: "కంప్యూటర్లో అలా వుందండీ, మేమేం చేస్తాం?" మూడు నెలల్లో ఎనిమిదిసార్లు తిరిగారు. ఒక్కోసారి తిరగడమంటే ఒక రోజు పని పోవడం, బస్సు చార్జీలు, మధ్యాహ్నం పూట ఒక టీతో సరిపెట్టుకోవడం. చివరికి నాన్న తిట్టుకున్నది గుమాస్తాను కాదు, తన తలరాతను.

నాకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఆ రిజిస్టరులో వున్నది మా తాతయ్య పేరు, మా యింటిపేరు, మా భూమి. రిజిస్టరు సర్కారుదే కావచ్చు. మరి అందులోని వివరం ఎవరిది? దాన్ని చూసే హక్కు, తప్పుంటే దిద్దించుకునే హక్కు మాకున్నదా, లేక పైవారు దయ తలిస్తేనేనా? ఆ సందేహం తీర్చుకోడానికి అక్కడా యిక్కడా చదివి తెలుసుకున్న సంగతులే యీ వ్యాసం. నేను చదువుతున్నది రసాయనశాస్త్రం, న్యాయశాస్త్రం కాదు. కనుక పొరపాట్లుంటే పెద్దలు సరిదిద్దగలరు.

సర్కారు దగ్గర మనం ఎంత వున్నాం?

ఒక్కసారి లెక్క వేసి చూడండి. పుట్టగానే జనన ధ్రువపత్రం. తర్వాత రేషన్ కార్డు, ఆధార్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఫీజు రీయింబర్సుమెంటు దరఖాస్తు. పద్దెనిమిదేళ్ళు నిండితే ఓటర్ల జాబితా. రైతు యింట్లో అయితే వీటికి తోడు అడంగల్, వన్-బి, పంట నమోదు, ముసలివారి పింఛను. చేతి పది వేళ్ళ ముద్రలూ కనుపాపల గుర్తులూ కూడా యిచ్చేశాం. మన గురించి మనకంటే ప్రభుత్వానికే ఎక్కువ తెలుసునంటే అతిశయోక్తి కాదు.

పూర్వం యీ లెక్కలన్నీ కరణంగారి పెట్టెలో వుండేవి. ఆ పద్ధతి మంచిదని నేననను. కరణంగారి కలం పోటుకు భూములు పోగొట్టుకున్న కథలు ప్రతి ఊళ్ళోనూ వినబడతాయి. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. లెక్కలు మండలాఫీసులకు చేరాయి, అక్కడి నుంచి కంప్యూటరుకెక్కాయి. ఇది నిస్సందేహంగా మేలే. కానీ ఒక తేడా గమనించాలి. కరణంగారు తప్పు రాస్తే ఆ తప్పు ఆ పుస్తకంలోనే వుండేది. ఎవరిని అడగాలో ఊరందరికీ తెలుసు. కంప్యూటరులో పడిన తప్పు అక్కడే ఆగదు. బ్యాంకుకు పోతుంది, పథకాల జాబితాలకు పోతుంది, ఒక ఆఫీసు నుంచి యింకో ఆఫీసుకు పోతుంది. ఎవరిని అడగాలో మాత్రం ఎవరికీ తెలియదు.

పైగా చట్టం కూడా రాసివున్న దానివైపే మొగ్గుతుంది. భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం (1971) ఆరో సెక్షను ప్రకారం, హక్కుల రికార్డులో వున్న ప్రతి నమోదూ తప్పని రుజువయ్యేదాకా లేక చట్టప్రకారం సవరించేదాకా నిజమేనని భావించాలి. రికార్డు అన్నాక ఆ మాత్రం విలువ వుండాల్సిందే, కాదనను. అయితే రుజువు చేయాల్సిన బరువు రైతు నెత్తిన పడినప్పుడు, ఆ రుజువు దాగివున్న పాత రిజిస్టరును చూసే హక్కు కూడా రైతుకు వుండాలి కదా!

ఐదు సూత్రాలు

ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. ప్రభుత్వాలు కంప్యూటర్లు వాడటం మొదలుపెట్టిన దేశాలన్నిటిలోనూ వచ్చింది. 1973లో అమెరికా ప్రభుత్వపు ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ నియమించిన సలహా సంఘం ఒకటి రికార్డులు, కంప్యూటర్లు, పౌరుల హక్కుల గురించి నివేదిక యిచ్చింది. అందులో ఐదు సూత్రాలు చెప్పారు. వాటి సారాంశం నా మాటల్లో:

1. ఉనికే రహస్యంగా వుండే వ్యక్తిగత రికార్డులు వుండరాదు.

2. తన గురించి ఏమి రాసివున్నదో, దాన్ని ఎలా వాడుతున్నారో తెలుసుకునే వీలు మనిషికి వుండాలి.

3. ఒక పని కోసం తీసుకున్న వివరాన్ని అతని సమ్మతి లేకుండా మరొక పనికి వాడకుండా ఆపుకునే వీలు వుండాలి.

4. తప్పు వుంటే దిద్దించుకునే వీలు వుండాలి.

5. రికార్డు వుంచుకున్న సంస్థ అది నమ్మదగినదిగా వుండేలా చూడాలి, దుర్వినియోగం కాకుండా జాగ్రత్త పడాలి.

మరుసటి సంవత్సరమే, అంటే 1974లో, ఫెడరల్ ప్రభుత్వ శాఖల దగ్గర తమ గురించి వున్న రికార్డులను చూసుకోడానికి, సవరించమని అడగడానికి అమెరికన్లకు హక్కు యిస్తూ చట్టం వచ్చింది. స్వీడన్ 1973లోనే దేశం మొత్తానికి డేటా చట్టం చేసింది. పశ్చిమ జర్మనీలో 1983లో జనాభా లెక్కల మీద పెద్ద వివాదం రేగింది. లెక్కల కోసం చెప్పిన వివరాలను ఊళ్ళలోని ఇతర రికార్డులను సరిచూడటానికి కూడా వాడుకోవచ్చునని ఆ చట్టంలో వుంది. జనం కోర్టుకెక్కారు. ఆ సంవత్సరం డిసెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ భాగాలను కొట్టివేసి, తన వివరాలు ఎవరికి, ఎంతవరకు చెప్పాలో తేల్చుకునే అధికారం ప్రాథమికంగా ఆ మనిషిదేనని తీర్పు చెప్పింది.

మన దేశంలో – ఒక తెలుగు న్యాయమూర్తి మాట

మన దేశంలో కథ పోలీసు స్టేషనులోని ఒక ఫైలుతో మొదలవుతుంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే అతన్ని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు అతని పేరున ఒక 'హిస్టరీ షీటు' తెరిచారు. ఆ కాగితాన్ని ఆధారం చేసుకుని అతన్ని కనిపెట్టి వుండటం, రాత్రిపూట యింటికి వెళ్ళి తలుపు తట్టడం సాగించారు. 1962లో సుప్రీంకోర్టు రాత్రిపూట యిళ్ళకు వెళ్ళడం చెల్లదన్నది. అయితే గోప్యత రాజ్యాంగం హామీ యిచ్చిన హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు.

ఆ బెంచిలో వేరుగా తీర్పు రాసిన వారిలో కోకా సుబ్బారావుగారు ఒకరు. రాజమండ్రిలో పుట్టి, 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన వ్యక్తి ఆయన. రాజ్యాంగంలో గోప్యత అన్న మాట విడిగా లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది తప్పనిసరి భాగమేనని, నిఘా నిబంధన మొత్తం చెల్లదని ఆయన అభిప్రాయపడ్డారు. ఆనాడు అది అల్పసంఖ్యాకుల మాట. యాభై అయిదేళ్ళ తర్వాత అదే నిలబడింది.

మధ్యలో మన హైదరాబాదు నుంచి వెళ్ళిన కేసు ఒకటి వుంది. జిల్లా కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకుకు వెళ్ళి ఖాతాదారుల కాగితాలు తనిఖీ చేయవచ్చునని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టానికి సవరణ తెచ్చింది. కెనరా బ్యాంకు పేరుతో ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. కాగితం మన యింట్లో నుంచి బ్యాంకుకు వెళ్ళినంత మాత్రాన దానిమీద మన గోప్యత పోదన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన సంగతి. గోప్యత గోడలకు కాదు, మనిషికి! మా తాతయ్య రిజిస్టరు సందేహానికి నాకు దొరికిన మొదటి జవాబు యిదే.

తర్వాత 2012లో, కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరయిన పుట్టస్వామిగారు ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించారు. ఆ తొమ్మండుగురిలో మన కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్‌గారు కూడా వున్నారు. 1962 నాటి తీర్పులో గోప్యతను కాదన్న భాగం దానితో రద్దయింది.

2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పు వచ్చింది. ప్రభుత్వ పథకాలకు ఆధార్ అడగవచ్చునని కోర్టు ఒప్పుకున్నది. బ్యాంకు ఖాతాలకు, సెల్ ఫోన్ సిమ్ములకు తప్పనిసరి చేయడం మాత్రం చెల్లదన్నది. మనం వేలిముద్ర వేసిన లావాదేవీల రికార్డును ఆరు నెలలకు మించి దాచరాదన్నది. చిన్నతనంలో తల్లిదండ్రులు ఆధార్ తీయించిన పిల్లలకు పెద్దయ్యాక అందులోంచి బయటకు వచ్చే వీలుండాలన్నది. దాన్ని అనుసరించి 2019లో చట్టం సవరించారు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆరు నెలల్లోగా రద్దుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మిత్రులారా, మనలో ఎంతమందికి యీ సంగతి తెలుసు? మా హాస్టల్లో అడిగితే ఒక్కరికీ తెలియదు. అందరికీ ఆ ఆరు నెలలూ ఎప్పుడో గడిచిపోయాయి. రద్దు చేసుకోవాలని నేను చెప్పడం లేదు. హక్కు వున్నదని తెలియకపోతే అది వున్నా లేనట్టేనని మాత్రమే చెబుతున్నాను.

కొత్త చట్టాన్ని ఐదు సూత్రాలతో కొలిస్తే

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. చట్టంలో కొన్ని భాగాలు అప్పుడే అమలులోకి వచ్చినా, మనకు హక్కులిచ్చే ముఖ్యమైన సెక్షన్లకు పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. అంటే 2027 మే నుంచి అన్నమాట.

ఇందులో మంచి చాలా వుంది. మన వివరాలు ఏమి వున్నాయో, ఎవరెవరికి యిచ్చారో అడగవచ్చు. తప్పు దిద్దమనవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. మన మీద ప్రభావం చూపే నిర్ణయం తీసుకోడానికి ఒక వివరాన్ని వాడేటప్పుడు అది సమగ్రంగా, సరిగ్గా వుండేలా చూడవలసిన బాధ్యత దాన్ని వుంచుకున్న వారిదే (ఎనిమిదో సెక్షను). పంట రుణం లెక్కకట్టడం నిర్ణయం కాక మరేమిటి?

కానీ చిన్న అక్షరాలు కూడా చదవాలి. చూసే హక్కు, దిద్దించుకునే హక్కు (11, 12 సెక్షన్లు) చట్టం మాటల ప్రకారం మనం సమ్మతి యిచ్చిన వివరాలకు వర్తిస్తాయి. ఫీజు రీయింబర్సుమెంటు దరఖాస్తు మీద మనం సంతకం పెడతాం. భూమి రికార్డుకు మన సమ్మతి ఎవరడిగారు? అది చట్టప్రకారం సర్కారు రాసుకున్నది. అంటే మనకు ఏ రికార్డుతో ఎక్కువ అవసరమో దానికే యీ హక్కు స్పష్టంగా అందడం లేదు. ఇక పదిహేడో సెక్షను ప్రకారం ప్రభుత్వ సంస్థలకు వివరాలు చెరిపివేయాలనే నిబంధన వర్తించదు. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు కొన్ని కారణాల మీద మొత్తం చట్టం నుంచే మినహాయింపు దొరకవచ్చు. మరోవైపు, పనికిమాలిన ఫిర్యాదు చేశాడని తేలితే పౌరుడికి పదివేల రూపాయల దాకా జరిమానా వుంది. ఎనిమిదిసార్లు తిరిగి విసిగిన మా నాన్నలాంటివారు ఆ మాట వింటే తొమ్మిదోసారి వెళతారా?

నా లెక్క ప్రకారం ఐదు సూత్రాల్లో ఐదోది చట్టంలో బాగానే వుంది. రెండోదీ నాలుగోదీ సగం సగం వున్నాయి. ఒకటోదీ మూడోదీ ప్రభుత్వం విషయానికి వచ్చేసరికి బాగా పలచబడ్డాయి.

గోప్యత ఎవరికి తెర?

ఇంకొక ముఖ్య విషయం. ఇదే 2023 చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షనును కూడా మార్చింది. ఆ మార్పు 2025 నవంబరులోనే అమలుకు వచ్చింది. హక్కులకు పద్దెనిమిది నెలలు ఆగాలి, మార్పుకు మాత్రం ఆగనక్కరలేదు! పూర్వం వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఎక్కువగా వుంటే యివ్వాలని, పార్లమెంటుకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించరాదని ఆ సెక్షనులోనే వుండేది. ఇప్పుడు "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే యివ్వవచ్చునన్న 8(2) సెక్షను యింకా వున్నది కానీ, అడిగినవాడు అంత దూరం వాదించాలి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, 2005 నాటి ఉపాధి హామీ చట్టం క్రింద మన రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. ఊరందరి ముందు మస్టరు రోలు చదివేవారు – ఎవరి పేరు, ఎన్ని రోజుల పని, ఎంత కూలి. చనిపోయినవారి పేర్లు, ఊళ్ళో లేనివారి పేర్లు బయటపడేవి అలాగే. పేరు, కూలి కూడా వ్యక్తిగత వివరాలే కదా! వాటిని దాచితే మేలు కూలివాడికా, దొంగ మస్టరు రాసినవాడికా? గోప్యత అనేది బలహీనుడికి కవచంగా వుండాలి గానీ, కుర్చీలో కూర్చున్నవాడికి తెర కాకూడదు. నా వేలిముద్ర దాచాలి. నా భూమిని 2.04గా మార్చిన చేయి ఎవరిదో దాచకూడదు. ఈ రెంటికీ తేడా చెప్పగలిగిన చట్టమే మంచి చట్టం.

ప్రయోగశాల నేర్పిన పాఠం

మా ల్యాబులో ఒక నియమం వుంది. టైట్రేషను చేసేటప్పుడు రీడింగు తప్పు రాస్తే దాన్ని రుద్ది చెరిపేయకూడదు. కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, లెక్చరరుగారి చేత సంతకం చేయించాలి. మొదటి సంవత్సరంలో యిదంతా చాదస్తమనుకున్నాను. ఇప్పుడు అర్థమవుతోంది. తప్పు జరగడం నేరం కాదు. తప్పు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేతిలో జరిగిందో తెలియకుండా పోవడమే ప్రమాదం. ప్రభుత్వ రికార్డులో ప్రతి మార్పుకూ అలాంటి గీత, తేదీ, సంతకం వుండి, అవి ఆ మనిషికి కనపడితే మా నాన్న ఎనిమిదిసార్లు తిరగనవసరం లేదు.

ఈనాడు మన చేతిలో వున్నది

అంతవరకు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. సమాచార హక్కు చట్టం క్రింద మన సొంత వివరాలు మనం అడగడానికి 8(1)(జె) అడ్డురాదు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, పై స్థాయిలో పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అసలే లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు, తర్వాత సమాచార కమిషనుకు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా ఆ అధికారికి జరిమానా వేయవచ్చు. ఎందుకు అడుగుతున్నావని ప్రశ్నించే అధికారం వారికి లేదు. ఇక మన ఆధార్ గత ఆరు నెలల్లో ఎక్కడెక్కడ వాడబడిందో ఆధార్ సంస్థ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు కూడా.

మా సంగతి ఏమైందని అడుగుతారేమో. మా ఊళ్ళో రిటైరయిన మాస్టారు ఒకాయన, "ఒరేయ్, తప్పు దిద్దమని అడగడం తర్వాత. ముందు పాత అడంగల్ నకలు ఇమ్మని అడుగు" అన్నారు. తెల్లకాగితం మీద నేనే దరఖాస్తు రాశాను. సర్వే నంబరు వేసి, కంప్యూటరీకరణకు ముందటి అడంగల్ ధ్రువీకరించిన నకలు కావాలన్నాను. ఐదు రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాం. ఇరవై ఆరో రోజున కవరు వచ్చింది. అందులో పాత సిరా అక్షరాల్లో, స్పష్టంగా, 2.40. ఆ కాగితం పట్టుకుని నాన్న తొమ్మిదోసారి వెళ్ళారు. "కంప్యూటర్లో అలా వుందండీ" అన్న మాట ఆ రోజు వినపడలేదు. దిద్దడానికి యింకో నాలుగు నెలలు పట్టింది. ఆ ఏడు తెచ్చిన అప్పు మీద వడ్డీ ఎవరూ తిరిగి యివ్వలేదు. అయినా ముప్పై ఆరు సెంట్లు మళ్ళీ మా పేరున చేరాయి.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు అమ్మ కాదు గనుక అడిగేటప్పుడు కాగితం మీద అడగాలి, రసీదు తీసుకోవాలి. మనలో చాలామంది ఇంట్లో దరఖాస్తు రాయగలిగిన మొదటి తరంవాళ్ళం. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీ యింటి అడంగల్, అమ్మమ్మ పింఛను పుస్తకం, రేషన్ కార్డు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, వయసు, విస్తీర్ణం సరిపోయాయా? సరిపోకపోతే ఆ రోజే ఒక తెల్లకాగితం తీసుకోండి. తప్పు ముదిరి అప్పు కాకముందే.